బౌండరీ వాటర్స్‌కి పడవ ప్రయాణం: బయల్దేరే ముందు ఇంట్లోనే తేల్చుకోవాల్సినవి

ఈ ఎపిసోడ్‌లో మనం బౌండరీ వాటర్స్ గురించి మాట్లాడుకుందాం. జనవరి వచ్చిందంటే మన తెలుగు స్నేహితుల్లో ఇద్దరు ముగ్గురైనా నన్ను అడుగుతారు: "ఈ వేసవిలో మేం కూడా వెళ్దామనుకుంటున్నాం, ఏమేం కొనాలి?" అని. నేను మినియాపోలిస్ దగ్గర ఉంటాను, కొన్నేళ్లుగా ఏటా ఒక్కసారైనా అక్కడికి వెళ్లొస్తున్నాను. నేను తిరిగి వాళ్లని అడిగేది ఒకటే: "ఎన్ని రోజులు సెలవు పెట్టారు?" కొనడం సంగతి చివర్లో చూసుకోవచ్చు. ముందు సెలవు సంగతి ఎందుకు తేలాలో ఈ ఎపిసోడ్ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ముందు ఆ చోటు ఎలాంటిదో చూద్దాం

మనలో చాలామందికి పడవ ప్రయాణం అంటే పాపికొండలకి లాంచీలో వెళ్లిందే. ఎవరో నడుపుతారు, ఎవరో వండి పెడతారు, మనం కూర్చుని కొండలు చూస్తాం. ఇక్కడ అలా కాదండి. మినెసోటా ఈశాన్య మూలన, కెనడా సరిహద్దుని ఆనుకుని, 10 లక్షల ఎకరాలు పైబడిన అడవి ఇది. లోపల 1,000కి పైగా సరస్సులు ఉన్నాయి. 1964లో వచ్చిన వైల్డర్‌నెస్ చట్టం, 1978లో దీనికోసమే ప్రత్యేకంగా చేసిన చట్టం, రెండూ దీన్ని కాపాడుతున్నాయి. చాలా సరస్సుల్లో మోటారు పడవలకి అనుమతి లేదు. లోపల రోడ్డు లేదు, కొట్టు లేదు, ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు.

ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి వెళ్లాలంటే పడవని, సామాన్లని భుజాన వేసుకుని అడవి దారిలో నడవాలి. దీన్ని పోర్టేజ్ అంటారు. దాని పొడవుని రాడ్లలో కొలుస్తారు. ఒక రాడ్ అంటే 16.5 అడుగులు, ఇంచుమించు ఒక పడవ పొడవు. 320 రాడ్లు అయితే ఒక మైలు.

పర్మిట్ సంగతి

మే 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు రాత్రి బస చేయాలంటే కోటా పర్మిట్ కావాలి. జనవరి ఆఖర్లో రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో రిజర్వేషన్లు తెరుస్తారు. పేరున్న ఎంట్రీ పాయింట్లు, అందులోనూ జులై, ఆగస్టు వారాంతాలు, త్వరగా అయిపోతాయి. పర్మిట్ మీద రెండు విషయాలు ఖాయంగా ఉంటాయి: ఏ రోజున వెళ్తారు, ఏ ఎంట్రీ పాయింట్ నుంచి వెళ్తారు. లోపలికి వెళ్లాక ఎక్కడ ఆగాలన్నది మీ ఇష్టం. కాకపోతే గుర్తించిన క్యాంప్‌సైట్లలోనే ఆగాలి, ముందు ఎవరొస్తే వాళ్లదే. ప్రతి సైట్లో నిప్పు పెట్టుకునే ఇనుప చట్రం ఒకటి, కాస్త లోపలికి అడవిలో గోడలు లేని లెట్రిన్ ఒకటి ఉంటాయి. ఒక గుంపులో 9 మందికి, 4 పడవలకి మించకూడదు. మన కుటుంబాలు మూడు కలిస్తే 9 దాటిపోతుంది కాబట్టి ఈ లెక్క ముందే చూసుకోండి.

ఖాళీ రోజు

ఇప్పుడు సెలవు సంగతికి వద్దాం. నాలుగు రోజులు సెలవు దొరికితే అందరూ నాలుగు రోజులకీ దారి గీసేస్తారు. నేనైతే మూడు రోజుల దారే గీస్తాను. నాలుగో రోజు ఖాళీ. ఆ రోజుకి తిండి ఉంటుంది, ప్రయాణం ఉండదు.

ఎందుకంటే అక్కడ మన ప్లాన్‌ని నడిపేది గాలి. తెల్లవారుజామున అద్దంలా ఉన్న సరస్సు మధ్యాహ్నానికి తెల్లటి నురగతో లేచిపోవచ్చు. చిన్న పడవ, నిండా సామాను, ముందు కూర్చున్నది పన్నెండేళ్ల పిల్ల అయితే ఆ నీళ్లలోకి దిగకూడదు. ఒడ్డున కూర్చుని గాలి తగ్గేదాకా ఆగాలి. గంట కావచ్చు, రోజంతా కావచ్చు. కానీ సోమవారం ఉదయం ఆఫీసు మీటింగ్ ఉందనుకోండి, ఆగబుద్ధి కాదు. "ఏం కాదులే, అవతలి ఒడ్డు కనబడుతూనే ఉందిగా" అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఆగడానికి ఒక రోజు చేతిలో ఉన్నవాళ్లే ఆగుతారు. ఆ రోజుని ఇంట్లో, క్యాలెండర్ ముందు కూర్చుని సంపాదించుకోవాలి. సరస్సు ఒడ్డున అది దొరకదు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఈలీ ఊరికి తూర్పున ఫెర్న్‌బర్గ్ రోడ్డు చివర 30వ నంబర్ ఎంట్రీ పాయింట్ ఉంది. అక్కడి సరస్సుల పేర్లు లేక్ వన్, లేక్ టూ, లేక్ త్రీ, లేక్ ఫోర్. పేర్లు పెట్టే ఓపిక లేక నంబర్లిచ్చినట్టు ఉంటుంది. వన్ నుంచి టూకి రెండు చిన్న పోర్టేజ్‌లు. అక్కడి నుంచి త్రీ, ఫోర్‌లలోకి ఏమీ మోయకుండా నీళ్ల మీదే వెళ్లిపోవచ్చు. కొత్తవాళ్లకి ఇది మంచి దారి. మొదటి రోజు లేక్ త్రీ దగ్గరో ఫోర్ దగ్గరో గుడారం వేసుకోండి. రెండో రోజు సామాన్లు అక్కడే ఉంచి, ఖాళీ పడవతో హడ్సన్ సరస్సు వైపు వెళ్లి చూసి రండి. మూడో రోజు తెల్లవారగానే తిరుగు ప్రయాణం. నాలుగో రోజు గాలికి వదిలేయండి. గాలి రాలేదా, ఒక రోజు ముందే ఈలీకి వచ్చి హాయిగా వేడి భోజనం చేయండి.

లేక్ త్రీ చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ బాగా విశాలం, గాలికి అడ్డు తక్కువ. నడిమధ్య నుంచి కోసుకుంటూ వెళ్లకుండా ఒడ్డు వెంబడే వెళ్లండి. దూరం కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి.

మోత లెక్క

రెండో లెక్క బరువు. హడ్సన్ దాటి ఇన్సులా సరస్సుకి వెళ్లాలంటే సుమారు 100 రాడ్ల పోర్టేజ్ ఉంది. అంటే అర కిలోమీటరు. అంతేనా అనిపిస్తుంది. సామానంతా ఒక్కసారిలో మోయగలిగితే అర కిలోమీటరే. రెండు విడతలు అయితే? ఒకసారి మూటతో వెళ్తారు, ఖాళీగా వెనక్కి వస్తారు, మళ్లీ పడవతో వెళ్తారు. మూడుసార్లు నడిచినట్టు, అంటే కిలోమీటరున్నర. రాళ్లు, వేళ్లు, బురద, దోమలు అన్నీ మూడింతలు.

మన ఇళ్లలో ఒక మాట ఉంది కదా, "ఎందుకైనా మంచిది" అని. ఇంకో దుప్పటి, ఎందుకైనా మంచిది. ఇంకో గిన్నె, ఎందుకైనా మంచిది. కారు డిక్కీలో ఈ మాట చెల్లుతుంది, భుజం మీద చెల్లదు. నేను చేసేది ఏంటంటే, వారం ముందే సామానంతా హాల్లో నేల మీద పరుస్తాను. ప్రతి వస్తువునీ "నువ్వు లేకపోతే ఎవరికైనా ప్రమాదమా?" అని అడుగుతాను. ప్రమాదం అయితే మూటలోకి. కేవలం సౌకర్యం అయితే మనిషికి ఒక్కటి. నాకది చిన్న మడత కుర్చీ.

పడవ బరువు కూడా ఇంట్లోనే తేల్చుకోవాలి. అద్దెకిచ్చే చోట పాత అల్యూమినియం పడవలు 75 పౌండ్ల దాకా, అంటే 34 కిలోలు ఉంటాయి. కెవ్లార్ పడవలు 42, 45 పౌండ్లలో, అంటే సుమారు 20 కిలోల్లో దొరుకుతాయి. అద్దె ఎక్కువే, కానీ డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. ఒక్క షరతు: కెవ్లార్‌ని రాళ్ల మీదికి లాగకూడదు. ఒడ్డు చేరకముందే మోకాలి లోతు నీళ్లలో దిగి, పడవని ఎత్తి పట్టుకోవాలి. కాబట్టి తడిసినా పర్వాలేదనుకునే బూట్లు ఒక జత, గుడారం దగ్గరికి పొడి జత ఒకటి.

తిండి

ఇక్కడ ఒక నియమం మనవాళ్లని నేరుగా తాకుతుంది. డబ్బాల్లో, గాజు సీసాల్లో వచ్చే తిండి, తాగే వస్తువులు లోపలికి తేకూడదు. అంటే ఆవకాయ సీసా కుదరదండి. గట్టి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి, నూనె కారకుండా పైన ఒక జిప్ కవరు వేయండి.

మన వంటల్లో ఈ ప్రయాణానికి పనికొచ్చేవి చాలా ఉన్నాయి. పోపుతో సహా వేయించి పెట్టుకున్న ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి, పులిహోర ముద్ద, కాస్త నెయ్యి. నీళ్లు మరిగిస్తే చాలు. పొడి సరుకు మనిషికి రోజుకి 700 గ్రాముల చొప్పున లెక్క వేసుకుంటే సరిపోతుంది. ఒక్కో పూటది ఒక్కో కవరులో కట్టి, పైన రోజు రాసుకోండి. ఖాళీ రోజు కవర్లు విడిగా కట్టండి. అవి వెనక్కి వస్తే సంతోషమే.

అక్కడ నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి. మనుషుల కంటే మన పోపు వాసన మీద వాటికి ఆసక్తి ఎక్కువ. తిండి, చెత్త, టూత్‌పేస్టు, సబ్బు, వాసన వచ్చేది ఏదైనా గుడారంలో పెట్టొద్దు. ఎలుగు తెరవలేని గట్టి డబ్బా ఒకటి అద్దెకి తీసుకోవడం సులువైన పని. లేదంటే తాడుతో నేల నుంచి కనీసం 12 అడుగుల ఎత్తున, చెట్టు మానుకి 6 అడుగుల దూరంలో వేలాడదీయాలి. ఆ కొమ్మ వెతకడం చీకట్లో అయ్యే పని కాదు, పగలే చూసుకోండి. గిన్నెలు సరస్సులో కడగొద్దు. ఆ నీళ్లు ఒడ్డుకి 200 అడుగుల దూరంలో పారబోయాలి.

తాగడానికి సరస్సు నీళ్లే. చూడ్డానికి శుభ్రంగా ఉంటాయి, కానీ జియార్డియా కంటికి కనబడదు. ఫిల్టర్ చేయండి, లేదా ఒక నిమిషం పాటు తెర్లేలా మరిగించండి.

చల్లటి నీళ్లు

ఇది కాస్త శ్రద్ధగా వినండి. సరస్సుల మీద మంచు కరిగేదే ఏప్రిల్ చివర, మే మొదట్లో. మే నెలలో ఎండ బాగానే ఉంటుంది, నీళ్లు మాత్రం మంచులాగే ఉంటాయి. చల్లటి నీళ్లలో పడితే ఏమవుతుందో గుర్తుపెట్టుకోవడానికి 1-10-1 అని ఒక లెక్క ఉంది. మొదటి 1 నిమిషం ఊపిరి మన మాట వినదు, ఎగశ్వాస వస్తుంది. తర్వాత 10 నిమిషాలే చేతులు కాళ్లు పనికొచ్చేలా కదులుతాయి. స్పృహ తప్పడానికి సుమారు 1 గంట పడుతుంది. అంటే చలికి పోవడం తర్వాతి మాట, మొదటి నిమిషంలోనే నీళ్లు మింగి మునిగిపోయే ప్రమాదం ఎక్కువ. "నాకు ఈత వచ్చు" అన్న మాట ఆ నిమిషంలో పనిచేయదు. ఒంటి మీద ఉన్న లైఫ్ జాకెట్ పనిచేస్తుంది. సీటు కింద దోపి పెట్టిన జాకెట్ ఆ సమయంలో దొరకదు. పడవ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా పెద్దవాళ్లు కూడా తొడుక్కునే ఉండాలి. పడవ తిరగబడితే దాన్ని వదలొద్దు.

బట్టల్లో జీన్సు, కాటన్ టీషర్టులు ఇంట్లోనే వదిలేయండి. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి. ఉన్ని, పాలిస్టర్ తెచ్చుకోండి. ఒక జత పొడి బట్టలు, స్లీపింగ్ బ్యాగ్ నీళ్లు చొరని సంచిలో ఉండాలి. జూన్‌లో దోమలు, నల్ల ఈగలు విపరీతం కాబట్టి తలకి వేసుకునే వల మర్చిపోకండి. నన్నడిగితే పిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లకి ఆగస్టు రెండో సగం నయం. నీళ్లు కాస్త వెచ్చగా ఉంటాయి, పురుగులు తగ్గుతాయి.

ఇంట్లో ఒక కాగితం

వెళ్లేముందు నమ్మకమైన ఒకరి చేతిలో ఒక కాగితం పెట్టండి. ఎంట్రీ పాయింట్ పేరు, నంబరు, అనుకున్న దారి, కారు నంబరు, ఎంతమంది, ఏ రోజు బయటికి వస్తారు అన్నీ అందులో ఉండాలి. ముఖ్యంగా, ఏ రోజు ఎన్ని గంటలకి కూడా మీ నుంచి కబురు లేకపోతే షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేయాలో రాయండి. ఆ గడువు ఖాళీ రోజు దాటాక ఉండాలి. లేకపోతే మీరు ఒడ్డున కూర్చుని టీ తాగుతుంటే ఇండియాలో అమ్మ ఏడుస్తూ ఉంటుంది. శాటిలైట్ మెసెంజర్ ఒకటి అద్దెకి తీసుకుంటే ఇంకా మంచిది. రోజూ ఒక ముక్క పంపితే ఇంట్లోవాళ్లు నిద్రపోతారు. కాగితం మ్యాపు, దిక్సూచి మాత్రం తప్పనిసరి, బ్యాటరీ అయిపోవడం వాటికి తెలియదు.

వెళ్లే ముందు ఒక ఆదివారం

చివరిగా, ప్రయాణానికి రెండు వారాల ముందు ఒక ఆదివారం ఖాళీ చేసుకోండి. మినియాపోలిస్‌లో ఉన్నవాళ్లకి బ్డే మకా స్కా, నొకోమిస్ లాంటి సరస్సులు పక్కనే ఉన్నాయి. ఒక పడవ తీసుకుని, నిజంగా తీసుకెళ్లే మూటలే అందులో పెట్టి, వెళ్లబోయే జంటలే కూర్చుని రెండు గంటలు తెడ్డు వేయండి. పడవని తల మీదికి ఎత్తడం ఇద్దరూ నేర్చుకోండి. మూట వీపున వేసుకుని అర కిలోమీటరు నడవండి. గుంపులో అందరికంటే నెమ్మదిగా ఉన్నది ఎవరో అక్కడ తెలిసిపోతుంది. మీ దారి పొడవు వాళ్ల వేగాన్ని బట్టే గీయాలి, మీ వేగాన్ని బట్టి కాదు. వాళ్లకి ఆ ప్రయాణం నచ్చితేనే వచ్చే ఏడాది మళ్లీ వస్తారు.

కొనాల్సినవాటి జాబితా తర్వాతి ఎపిసోడ్‌లో విడిగా చెప్తాను, అందులో సగం అద్దెకే దొరుకుతాయి. ఈ వారం మీరు చేయాల్సిన పని మాత్రం ఒకటే. మీ మేనేజర్ దగ్గరికి వెళ్లి, అనుకున్న దానికంటే ఒక రోజు ఎక్కువ సెలవు అడగండి.