ఇంటి మూలన సీసపు పెట్టె

"కరెంటు పోతే పది నిమిషాలు కూడా నిలబడ్తా లేదన్నా." ఎండలు ముదిరాయంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బ్యాటరీ షాపుల్లో ఎక్కువగా వినబడే మాట ఇది. షాపతను మీటరు పెట్టి చూస్తాడు. పన్నెండున్నర వోల్టులు చూపిస్తుంది. ఒక ఫ్యాను, రెండు లైట్ల లోడు తగిలించగానే అంకె పదకొండుకు, అక్కణ్నుంచి పదిన్నరకు జారిపోతుంది. ఇన్వర్టర్ కూత పెట్టి ఆగిపోతుంది. పని లేనప్పుడు వోల్టేజి నిండుగా చూపించే బ్యాటరీ, పని చెప్పగానే ఎందుకు చతికిలబడుతుంది? ఇది తెలిస్తే కొత్త బ్యాటరీ కొనే తీరు మారుతుంది. పాతదాన్ని వదిలించుకునే తీరు కూడా మారాలన్నది నా పట్టుదల.

ఈ పెట్టె పుట్టింది 1859లో. ఫ్రాన్సు శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల్ని ఒకదానికొకటి తగలకుండా చుట్టగా చుట్టి, పలచని గంధకామ్లంలో ముంచి కరెంటు పంపాడు. కరెంటు ఆపాక ఆ రేకులే తిరిగి కరెంటు ఇచ్చాయి. అప్పటిదాకా ఉన్న సెల్లులు ఒకసారి అయిపోతే అంతే. ఖాళీ అయ్యాక మళ్లీ నింపుకోగలిగిన మొదటి బ్యాటరీ ప్లాంటేదే. చిక్కల్లా ఒక్కటే: ఆ రేకులకు పస పట్టాలంటే నెలల తరబడి నింపుతూ, ఖాళీ చేస్తూ ఉండాలి. నింపడానికేమో మంచి డైనమో కూడా లేని రోజులు, వేరే సెల్లులతోనే నింపాలి. 1881లో కమీల్ ఫోర్ సీసపు ఆక్సైడును ముద్దగా కలిపి ప్లేటుకు పట్టించాడు. నెలల పని తగ్గిపోయింది. ఆ ముద్ద రాలిపోకుండా రేకు బదులు గళ్ల చట్రం వాడటం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. ఇవాళ మన ఇంటి మూలన ఉన్న బ్యాటరీ సారాంశంలో ఇదే.

లోపల జరిగే పని చూద్దాం. ఒక ప్లేటు మీద స్పాంజిలా గుల్లగా ఉండే సీసం, రెండో ప్లేటు మీద ముదురు గోధుమరంగు సీసపు డయాక్సైడు, మధ్యలో గంధకామ్లం. కరెంటు వాడుకుంటున్నంతసేపూ రెండు ప్లేట్ల మీదా తెల్లని సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. యాసిడ్ ఖర్చయి నీళ్లు పెరుగుతాయి. ఛార్జి చేస్తే ఇదంతా వెనక్కి జరుగుతుంది. అందుకే యాసిడ్ చిక్కదనం చూసి బ్యాటరీ ఎంత నిండిందో చెప్పొచ్చు. ఒక్కో సెల్లు ఇచ్చేది సుమారు రెండు వోల్టులు. ఆరు సెల్లులు వరసగా కలిపితే పన్నెండు.

స్తంభం మీది కరెంటు సెకనుకు వందసార్లు దిక్కు మార్చుకుంటుంది. దాన్ని ఉన్నదున్నట్టుగా ఏ బ్యాటరీలోనూ దాచలేం. బ్యాటరీకి తెలిసింది ఒకే దిక్కున పారే డీసీ. కరెంటు ఉన్నప్పుడు ఏసీని డీసీగా మార్చి నింపాలి, పోయినప్పుడు డీసీని మళ్లీ ఏసీగా మార్చి ఫ్యానుకు పంపాలి. ఈ రెండో పని చేసే యంత్రానికి ఇన్వర్టర్ అన్న పేరును అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు డేవిడ్ ప్రిన్స్ 1925లో రాసిన వ్యాసం స్థిరపరిచింది. అప్పట్లో ఆ పని గాజు గొట్టాలు చేసేవి, ఇప్పుడు గోరంత సిలికాన్ ముక్కలు చేస్తున్నాయి. ఎలక్ట్రానిక్స్ అంత మారినా దాని పక్కనున్న సీసపు పెట్టె పెద్దగా మారలేదు. అందుకే ఇన్వర్టర్ ఉండగానే బ్యాటరీ పోతుంది, ఒక ఇన్వర్టర్ బతుకులో రెండు మూడు బ్యాటరీలు మారతాయి.

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి 2019 నుంచీ కార్లు వస్తున్నాయి. ఆ కార్లలోనూ పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉంటుంది. "కారు బ్యాటరీ తెచ్చి ఇన్వర్టర్‌కు తగిలిస్తే పోలా, చవగ్గా అవుతుంది" అనుకునేవాళ్లు ఉన్నారు. కుదరదు. కారు బ్యాటరీ చేయాల్సింది కొన్ని సెకన్ల పని: ఇంజను తిప్పడానికి ఒక్కసారిగా వందల యాంపియర్లు ఇవ్వాలి. అందుకని పలచని ప్లేట్లు ఎక్కువ పెడతారు. ఇంజను తిరగ్గానే ఖర్చయిన కాస్తా మళ్లీ నిండిపోతుంది. ఇంటి బ్యాటరీ అలా కాదు, గంటల తరబడి నిదానంగా అడుగంటా ఖాళీ అవ్వాలి, మళ్లీ నిండాలి. సీసపు సల్ఫేటుకు సీసపు డయాక్సైడు కంటే దాదాపు రెట్టింపు చోటు కావాలి. ఖాళీ అయిన ప్రతిసారీ ప్లేటు మీది ముద్ద ఉబ్బుతుంది, నిండినప్పుడు కుంచించుకుంటుంది. ఇలా ఉబ్బి తగ్గి, ఉబ్బి తగ్గి, వదులై అడుగున బురదలా రాలుతుంది. కారు బ్యాటరీని ఇలా వాడితే కొన్ని నెలల్లోనే చేతులెత్తేస్తుంది.

దీనికి దొరికిన ఉపాయమే ట్యూబులర్ బ్యాటరీ. పాజిటివ్ ప్లేటులో సీసపు కడ్డీలు వరసగా నిలబెట్టి, ఒక్కో కడ్డీ చుట్టూ పాలియెస్టర్ దారంతో నేసిన సన్నని గొట్టం తొడుగుతారు. ముద్ద ఆ గొట్టంలోనే ఉంటుంది. యాసిడ్ నేతలోంచి లోపలికి, బయటికి పోతుంది, ముద్ద మాత్రం రాలదు. ధర్మవరం వాళ్లకు నేత బలం గురించి నేను చెప్పేదేముంది! వాళ్ల ఇళ్లలోని బ్యాటరీ ఆయుష్షును కూడా ఒక నేతే కాపాడుతోంది.

ధర్మవరం మగ్గానికి వెలుతురు లేకపోతే పని ఆగుతుంది. జకార్డు ఎత్తడానికి చిన్న మోటారు పెట్టుకున్న ఇళ్లలో ఇంకో చిక్కుంది. మోటారు కదలడం మొదలుపెట్టిన క్షణంలో, తిరిగేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. వయసైపోయిన బ్యాటరీ లైట్లను గంటసేపు నడపగలిగినా ఆ క్షణాన్ని తట్టుకోలేదు. వోల్టేజి పదిన్నర కిందికి పడుతుంది, ఇన్వర్టర్ ఆగిపోతుంది. మిక్సీ వేసినప్పుడు ఆగిపోయే ఇన్వర్టర్ జబ్బూ ఇదే. లోపం ఇన్వర్టర్‌దనుకుని బాగుచేయించడానికి మోసుకుపోకముందే బ్యాటరీని లోడు పెట్టి పరీక్షించాలి.

బ్యాటరీ ఎలా చస్తుందన్నది ఈ కథలో ముఖ్యమైన ఘట్టం. నాలుగు దారులున్నాయి, మన ప్రాంతం నాలుగింటికీ అనుకూలమే.

మొదటిది, ఖాళీగా వదిలేయడం. అప్పుడే ఏర్పడిన సల్ఫేటు పిండిలా సన్నగా ఉంటుంది, ఛార్జి పెట్టగానే కరుగుతుంది. రోజుల తరబడి ఖాళీగా ఉంచితే ఆ పిండే పెద్ద పెద్ద స్ఫటికాలుగా గడ్డకడుతుంది. పొడి చక్కెర ఇట్టే కరిగే నీళ్లలో పటికబెల్లం ఎంతకీ కరగనట్టు, ఇవి ఛార్జింగుకు లొంగవు. ఊరెళ్తూ మెయిను ఆపేసి, ఇన్వర్టర్‌ను మాత్రం అలాగే వదిలేసి పోయే ఇళ్లలో జరిగేది ఇదే.

రెండోది ఎండ. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఈ రంగంలోవాళ్ల లెక్క. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఊళ్లలో బ్యాటరీని రేకుల షెడ్డు కిందా, పడమటి ఎండ కొట్టే మెట్ల మూలలోనూ పెట్టుకుంటాం. పాజిటివ్ ప్లేటులోని సీసపు కడ్డీలు ఆ వేడికి త్వరగా తుప్పు తినిపోతాయి.

మూడోది నీళ్లు. ఛార్జింగ్ చివర్లో కొంత నీరు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోయి బయటికి పోతుంది. యాసిడ్ పోదు, పోయేది నీరే. కాబట్టి పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, యాసిడ్ ఎప్పటికీ కాదు. హిందూపురం నీటి కరువు తెలిసినవాళ్లకు బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అందులోని సున్నం, ఇనుము, క్లోరైడులు బ్యాటరీలో చేరితే తిరిగి బయటికి రావు, ప్లేట్లను పట్టుకుంటాయి. ఇరవై లీటర్ల క్యాన్లో వచ్చే ఫిల్టరు నీళ్లు తాగడానికే, వాటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. నీళ్లు పోసేది కూడా బ్యాటరీ నిండుగా ఛార్జయ్యాక. ఖాళీగా ఉన్నప్పుడు గీత దాకా నింపితే ఛార్జింగులో మట్టం పెరిగి యాసిడ్ పొంగి పొర్లుతుంది.

నాలుగోది మనం పెట్టే లోడు. బ్యాటరీ మీద ఉండే 150 యాంపియర్ అవర్ అన్న అంకె, ఇరవై గంటలపాటు 7.5 యాంపియర్లు చొప్పున నిదానంగా లాగితే వచ్చేది. అదే 30 యాంపియర్లు లాగితే మామూలు లెక్కలో ఐదు గంటలు రావాలి కదా, నిజంలో నాలుగు కూడా రావడం కష్టం. తొందరగా లాగినకొద్దీ వచ్చేది తగ్గుతుందని 1897లోనే జర్మనీలో పాయ్‌కర్ట్ సూత్రం కట్టాడు. 75 వాట్ల పాత ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే, కొత్త బ్యాటరీ కొన్నంత లాభం అక్కడే కనిపిస్తుంది. షాపులో ఎవరూ ముందుగా చెప్పని మాట ఇది.

ఈ నాలుగు దారుల్లో ఏదో ఒకటి ఆరు సెల్లుల్లో ఒకదాన్ని ముందు పడగొడుతుంది. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు పెట్టి చూస్తే ఐదు సెల్లులు 1.24 చూపిస్తుంటే ఒకటి 1.10 దగ్గర ఆగి ఉంటుంది. వరసలో ఉన్నందున అన్నిట్లోనూ ఒకే కరెంటు పారాలి, నీరసించిన సెల్లు దగ్గరే పని ఆగుతుంది. మొదట్లో చెప్పిన పన్నెండున్నర వోల్టుల చిక్కు ఇక్కడే వీడుతుంది: వోల్టేజి ప్లేటు మీద ఏ పదార్థం ఉందో చెబుతుంది, ఎంత మిగిలిందో చెప్పదు. ఇదే కారణంగా, రెండు బ్యాటరీల ఇన్వర్టర్లో ఒకటి పాతది, ఒకటి కొత్తది కలపకూడదు. పాతది ముందుగా నిండి ఉడుకుతుంది, ముందుగా ఖాళీ అయి కొత్తదాన్ని కూడా ఆపేస్తుంది. మారిస్తే రెండూ మార్చాలి.

మార్చేటప్పుడు ముందు ఇన్వర్టర్ ఆపి, ప్లగ్గు పీకాలి. తీసేటప్పుడు నెగెటివ్ ముందు, తగిలించేటప్పుడు నెగెటివ్ చివర. స్పానరు రెండు టెర్మినళ్ల మధ్య పడితే వందల యాంపియర్లు దాని గుండా పారి ఎర్రగా కాలుతుంది. ఉంగరం, కంకణం ఉంటే ముందే తీసేయాలి. ఛార్జింగులో వచ్చే హైడ్రోజన్ గాలిలో నాలుగు శాతం చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. దేవుడి గూటి కింద, దీపం దగ్గర బ్యాటరీ వద్దు. యాసిడ్ చుక్క నూలు బట్టను తినేస్తుంది, కంటిలో పడితే ఎక్కువ నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి పోవాలి. యాభై అరవై కిలోల బరువును ఒక్కరే ఎత్తొద్దు. కొనేముందు తయారైన నెల చూడాలి, ఎందుకంటే షాపులో ఊరికే ఉన్నా బ్యాటరీ తనంతట తాను ఖాళీ అవుతూ సల్ఫేటు పట్టించుకుంటుంది. బిగించాక ఇన్వర్టర్ వెనక బ్యాటరీ రకం ఎంచుకునే స్విచ్చు ట్యూబులర్ వైపు ఉందో లేదో చూసుకోవాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు ఇళ్లకు వచ్చాయి. తేలిక, నీళ్లు పోసే పని లేదు, ఎక్కువ సార్లు నిండి ఖాళీ అవుతాయి. కానీ పాత ఇన్వర్టర్ ఛార్జరు వాటికి సరిపడకపోవచ్చు, ధర కూడా ఎక్కువే. ఇంకొంత కాలం సీసం మన ఇళ్లలో ఉంటుంది.

ఉండనివ్వండి, కానీ అది ఎక్కడికి పోతుందో చూడాలి. పాత బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. అందుకే పాతదానికీ ధర పలుకుతుంది. పద్ధతిగా నడిచే రీసైక్లింగ్ ఫ్యాక్టరీలో పెట్టెను మూసిన యంత్రంలో పగలగొట్టి, ప్లాస్టిక్ వేరు చేసి, యాసిడ్‌ను తటస్థం చేసి, సీసాన్ని కరిగించి శుద్ధి చేస్తారు. దాదాపు మొత్తం సీసం మళ్లీ బ్యాటరీకే పనికొస్తుంది. ఊరవతల గొడ్డలితో పగలగొట్టి, పొయ్యి మీద కరిగించేచోట ఆ పొగా దుమ్మూ పక్కింటి పిల్లల రక్తంలోకి పోతాయి. పిల్లల మెదడుకు సీసం చేసే చెరుపును బాగుచేసే మందు లేదు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో డెసీలీటరుకు 5 మైక్రోగ్రాముల మేర, లేదా అంతకు మించి సీసం ఉందని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ 2020లో అంచనా వేశాయి. అందుకు పెద్ద కారణాల్లో బ్యాటరీలను ఇలా ఇష్టారాజ్యంగా కరిగించడం ఒకటని అవే చెప్పాయి.

2001 నుంచే మన దేశంలో పాత బ్యాటరీలను వెనక్కి తీసుకోవాలన్న నిబంధనలున్నాయి. 2022 నిబంధనలు ఆ బాధ్యతను తయారీదారుల మీద ఇంకా గట్టిగా పెట్టాయి. వాడినవాళ్లు వేరే చెత్తలో కలపకుండా సేకరణదారుకో, రీసైక్లరుకో ఇవ్వాలి. కొత్తది కొన్న షాపులోనే పాతది ఇచ్చి, బిల్లులో దాని విలువ తగ్గించి రాయించుకోవచ్చు. వీధిలో తిరిగే పాత సామాన్ల మనిషి వందో రెండొందలో ఎక్కువ ఇస్తానంటాడు. బరువు తగ్గించుకోవడానికి యాసిడ్ అక్కడే కాలవలో పారబోయమంటాడు కూడా. ఆ యాసిడ్‌లో సీసపు బురద ఉంటుంది. హిందూపురంలో అది పోయేది పెన్నా వైపుకు, ధర్మవరంలో చిత్రావతి వైపుకు, వేసవిలో మనం బోర్లు వేసి తోడుకునే నేలలోకి. ఆ బేరానికి ఒప్పుకోకండి.