లాగితే చాలదు, మొయ్యాలి

మా మేనల్లుడు టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో ఉంటాడు. వంటిల్లూ పడకగదీ ఉన్న ట్రెయిలర్ ఒకటి కొని, వేసవి సెలవుల్లో పెళ్ళాంపిల్లల్ని కొలరాడో కొండలకు తీసుకెళ్ళాలని వాడి సరదా. ట్రెయిలర్ చూసిపెట్టుకున్నాడు. సామాను నిండితే 14,000 పౌండ్లు, అంటే ఆరు టన్నుల పైచిలుకు. దీనికి ఏ పికప్ సరిపోతుందని అడిగితే, షోరూం కుర్రాడు ఓ డీజిల్ ట్రక్ చూపించి 16,000 పౌండ్లు లాగేస్తుందని భరోసా ఇచ్చాడట.

లాగుతుంది, అబద్ధం కాదు. చిక్కంతా మోయడంలోనే ఉంది.

ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎత్తినవాళ్ళకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. బస్తాలు వెనక్కి పడితే నొగలు పైకి లేచి, కాడి ఎద్దుల మెడల మీద నిలవదు. మరీ ముందుకు పడితే బరువంతా మెడల మీద కూర్చుంటుంది. కాస్త ముందుబరువు ఉంటేనే బండి తిన్నగా నడుస్తుంది. ఎద్దు బండిని లాగుతూనే అందులో కొంత బరువును మెడ మీద మోస్తోందన్నమాట. ట్రెయిలర్ లాగే ట్రక్కూ అంతే.

మామూలు ట్రెయిలర్‌ని కారు వెనక బంపర్ కింద ఉండే ఇనుప గుండుకు తగిలిస్తారు. ఆ గుండు వెనక ఇరుసుకు మూడు నాలుగు అడుగుల అవతల ఉంటుంది. అక్కడ బరువు పడితే వెనక ఇరుసు ఆధారంగా బండి తక్కెడలా వంగుతుంది, ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది. పక్కనుంచి గాలి కొట్టినా, పెద్ద లారీ దాటిపోయినా ట్రెయిలర్ ఊగి కారు తోకను అటూ ఇటూ ఈడుస్తుంది. అందుకే భారీ ట్రెయిలర్లకు ఫిఫ్త్ వీల్ పద్ధతి వచ్చింది. కలిపే చోటు ట్రక్ తొట్టిలోనే, వెనక ఇరుసుకు సరిగ్గా పైన, లేదా ఓ రెండంగుళాలు ముందుకు ఉంటుంది. ట్రెయిలర్ ముక్కు కింద రెండంగుళాల మందం ఉన్న కింగ్‌పిన్ వేలాడుతుంది. తొట్టిలో గుర్రపునాడా ఆకారంలో ఉన్న పళ్ళెం దాన్ని పట్టుకుంటుంది. విశాఖ పోర్టు నుంచి వచ్చే కంటెయినర్ లారీల్లో ఉండేదీ ఇదే ఏర్పాటు. అయిదో చక్రం అన్న పేరు గుర్రపు బగ్గీల నాటిది. బగ్గీ ముందు ఇరుసు మలుపు తిరగడానికి దాని పైన ఓ ఇనుప చక్రాన్ని పడుకోబెట్టేవారు. నేల తాకని ఆ చక్రమే అయిదోది.

ఊగిసలాట తగ్గింది, బాగుంది. కానీ అందుకు ట్రక్ ఇచ్చుకునే మూల్యం ఉంది. బంపర్‌కు తగిలించే ట్రెయిలర్ తన బరువులో 10 నుంచి 15 శాతం కారు మీద మోపితే, ఫిఫ్త్ వీల్ 15 నుంచి 25 శాతం మోపుతుంది. దీన్నే పిన్ బరువంటారు. మావాడు చూసుకున్నదీ ఫిఫ్త్ వీలే. 20 శాతం వేసుకున్నా దానికి 2,800 పౌండ్లు.

డ్రైవర్ వైపు తలుపు తీస్తే అంచున ఓ స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించరాదని. దాన్ని ఫొటో తీసి పంపమన్నాను. 2,200 పౌండ్లని ఉంది. అందులోంచి నలుగురూ, వాళ్ళ సంచులూ, కుక్కా కలిపి 600 తీసేశాం. తొట్టిలో బిగించే హిచ్‌కు 180. మిగిలింది 1,420. అది అయిదో వంతు అనుకుంటే ఆ ట్రక్ వెనక కట్టదగిన ట్రెయిలర్ 7,100 పౌండ్లది. పదహారు వేలు లాగే బండి సగానికి ముందే చేతులెత్తేసింది! పైగా డీజిల్ ఇంజను బరువు ఎక్కువ కాబట్టి, లాగే సత్తా పెరిగిన కొద్దీ మోసే సత్తా తరుగుతుంది. నాలుగు చక్రాల డ్రైవ్, పైన అద్దాల కప్పు లాంటి ముచ్చట్లూ అందులోంచే కోసుకుంటాయి. అందుకే ఒకే మోడల్ ట్రక్కులు రెండు పక్కపక్కన నిలబెట్టినా స్టిక్కర్ల మీద అంకెలు వేరువేరుగా ఉంటాయి.

మరి 16,000 ఎక్కడిది? అది ప్రామాణిక పరీక్షల్లో తేలే అంకె. వాటిలో ఒకటి అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర ఎక్కే 11.4 మైళ్ళ ఎత్తుదారి. ఎండలో, ఎసి పూర్తిగా వేసి, నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కాలి. కానీ ట్రక్‌లో ఇద్దరే ఉంటారని, ఒక్కొక్కరు 150 పౌండ్లేనని లెక్క. పిల్లలు లేరు, కుక్క లేదు, ఆవకాయ జాడీ లేదు.

ఎక్కడం గురించి అందరూ అడుగుతారు. నన్నడిగితే భయపడాల్సింది దిగడానికి. డెన్వర్ నుంచి పడమటికి వెళ్తుంటే ఐసెన్‌హోవర్ సొరంగం వస్తుంది, సముద్రమట్టానికి 11,000 అడుగుల పైన. అవతలి మూతి నుంచి సిల్వర్‌థార్న్ ఊరి దాకా దారి దాదాపు 700 మీటర్లు దిగిపోతుంది. ట్రక్కూ ట్రెయిలరూ కలిపి పది టన్నులనుకుంటే, ఆ దిగుడులో విడుదలయ్యే శక్తి 70 మెగాజూళ్ళకు కాస్త తక్కువ. గాలీ టైర్లూ కొంత మింగినా, మిగతాదంతా బ్రేకులే భరించాలంటే ఎంత వేడో చూడండి: 70 మెగాజూళ్ళతో రెండు వందల లీటర్లకు పైగా చన్నీళ్ళు కళపెళా మరుగుతాయి. అంత కాగిన బ్రేకులు పట్టు వదిలేస్తాయి. తిరుమల కొండ దిగే బస్సు డ్రైవరు గేరు తగ్గించి ఇంజను చేత బండిని ఆపించేది ఇందుకే. పెద్ద డీజిల్ పికప్పుల్లో ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది. పొగ దారిని బిగించి ఇంజనుకు ఊపిరాడనివ్వకుండా చేస్తే, అదే చక్రాలను వెనక్కి పట్టుకుంటుంది. ట్రెయిలర్‌కు సొంత కరెంటు బ్రేకులుంటాయి. అవి ట్రక్ బ్రేకులతో కలిసి పడేలా చూసే కంట్రోలర్ లేకుండా బయల్దేరకూడదు.

కొలవాల్సింది మరొకటి తొట్టి పొడవు. ట్రెయిలర్ వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు, సగం 51 అంగుళాలు. పొట్టి తొట్టి ట్రక్‌లో హిచ్‌కూ వెనకద్దానికీ మధ్య అంత చోటుండదు కాబట్టి, రివర్సులో బాగా మలుపు తిరిగితే ట్రెయిలర్ మూల వచ్చి వెనకద్దానికి గుద్దుకుంటుంది. జరిగే హిచ్ ఉంటే తప్పుతుంది గానీ, ఎనిమిదడుగుల తొట్టి హాయి.

అమ్మకానికి ఉన్న ట్రెయిలర్ కాగితం మీద రాసే బరువు ఖాళీదని కూడా మావాడికి చెప్పాను. అరవై గ్యాలన్ల నీళ్ళ ట్యాంకు నిండితేనే 500 పౌండ్లు. లెక్క ఎప్పుడూ గరిష్ఠ బరువుతోనే వెయ్యాలి. కొన్నాక ట్రక్‌ను ఒక్కదాన్నీ, ట్రెయిలర్ తగిలించీ రెండుసార్లు కాటా పెడితే, ట్రక్ ఇరుసుల మీద పెరిగిన బరువే అసలు పిన్ బరువు. ట్రక్కులు ఆగే పెట్రోలు బంకుల్లో ఆ కాటాలుంటాయి.

మర్నాడు వాడు షోరూంకు వెళ్ళి వరసగా తలుపులు తీసి చూశాడట. ఓ పెద్ద ట్రక్ మీద 3,900 కనబడింది. పిన్ బరువు 22 శాతం వేసుకుంటే, మనుషులూ సామానూ హిచ్చూ పోను మిగిలేది 40 పౌండ్లు. మళ్ళీ ఫోన్. వెనక రెండేసి చక్రాలుండే డ్యూయలీకి వెళ్ళమన్నాను, దానికి అయిదువేలకు అటూ ఇటూగా ఉంటుంది. సరేనని బేరం దాకా వచ్చి ఆగాడు. ఎనిమిదడుగుల తొట్టితో డ్యూయలీ పొడవు దాదాపు 22 అడుగులు. వాళ్ళింటి గరాజు ఇరవయ్యే.