గోల్ఫ్ ఆటలో వృత్తులు, వ్యాపారాలు

గోల్ఫ్ ఆటపై ఆధారపడి జీవించేవారిలో పోటీలలో పాల్గొని బహుమతి ధనం సంపాదించేవారు కొద్దిమంది మాత్రమే. శిక్షకులు, ఆటగాని సంచి మోసి సలహాలు చెప్పే క్యాడీలు, మైదాన సంరక్షకులు, బంతులు, కర్రలు తయారుచేసేవారు, మైదానాల రూపకర్తలు మొదలైనవారు అంతకంటె చాలా ఎక్కువ. గోల్ఫ్ ధనికుల ఆటగా పేరుపడినప్పటికీ, దానిని ఒక వృత్తిగా మలచినవారిలో అనేకులు ఆ ధనికులకు సేవచేసిన సామాన్య కుటుంబాలవారు. ఆట ద్వారా ధనం సంపాదించడం గౌరవప్రదమా, కాదా అన్న వివాదం ఈ వృత్తుల చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

తొలి వృత్తి క్రీడాకారులు

స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణానికి చెందిన అలన్ రాబర్ట్‌సన్ (1815-1859)ను తొలి వృత్తి గోల్ఫ్ క్రీడాకారునిగా పరిగణిస్తారు. ఇతని ప్రధాన జీవనాధారం బంతుల తయారీ. ఆ కాలంలో తోలుసంచిలో పక్షి ఈకలను గట్టిగా కూరి బంతిని కుట్టేవారు. నేర్పరి సైతం రోజుకు కొద్ది బంతులను మాత్రమే తయారు చేయగలిగేవాడు కనుక వాటి ధర అధికంగా ఉండేది.

1848 ప్రాంతంలో గుట్టా పెర్చా అనే చెట్టుపాలతో చేసిన బంతి వచ్చింది. ఇది చౌక, మన్నిక ఎక్కువ. తన వృత్తి దెబ్బతింటుందని రాబర్ట్‌సన్ దీనిని వ్యతిరేకించాడు. ఈ విషయమై అతనికీ, అతని వద్ద పనిచేస్తున్న టామ్ మోరిస్‌కూ విభేదం వచ్చింది. మోరిస్ విడిపోయి సొంత దుకాణం పెట్టుకొని, 1851లో ప్రెస్ట్‌విక్ మైదానానికి సంరక్షకునిగా వెళ్ళాడు. అక్కడనే 1860లో 8 మంది ఆటగాళ్ళతో తొలి ఓపెన్ పోటీ జరిగింది. ఆ పోటీలో విజేతకు ధనం ఇవ్వలేదు, ఒక పటకా మాత్రమే ఇచ్చారు. మోరిస్ 1861, 1862, 1864, 1867 సంవత్సరాలలో ఈ పోటీలో గెలిచాడు. ప్రెస్ట్‌విక్ నుండి సెయింట్ ఆండ్రూస్‌కు తిరిగివచ్చి మైదాన సంరక్షణ, కర్రల తయారీ, దుకాణం, కొత్త మైదానాల రూపకల్పన అన్నీ చేపట్టాడు. నేడు వేరువేరుగా ఉన్న అనేక గోల్ఫ్ వృత్తులు ఆనాడు ఇట్లు ఒక్క మనిషిలోనే కలిసి ఉండేవి.

ఔత్సాహికులు, వృత్తి క్రీడాకారులు

ధనం ఆశించక ఆడేవారిని ఔత్సాహికులు అనీ, ఆటతో జీవించేవారిని వృత్తి క్రీడాకారులు అనీ విభజించారు. ఈ విభజన వెనుక సామాజిక అంతస్తుల భేదం కూడా ఉన్నది. అనేక క్లబ్బులలో వృత్తి క్రీడాకారులకు ప్రధాన భవనంలోకి ప్రవేశం ఉండేది కాదు. 1920లో ఇంగ్లండులోని డీల్‌లో జరిగిన ఓపెన్ పోటీకి వచ్చిన అమెరికా ఆటగాడు వాల్టర్ హేగన్, భవనంలోకి అనుమతి లేకపోవడంతో ఒక ఖరీదైన కారును అద్దెకు తీసుకొని, భవనం ఎదుటనే నిలిపి, అందులోనే దుస్తులు మార్చుకున్నాడు. అదే సంవత్సరం అమెరికాలోని ఇన్వర్‌నెస్ క్లబ్బు యు.ఎస్. ఓపెన్ సందర్భంగా వృత్తి క్రీడాకారులకు తన భవనాన్ని తెరిచింది. వారు కృతజ్ఞతగా ఆ క్లబ్బుకు ఒక పెద్ద గడియారాన్ని బహూకరించారు.

ఔత్సాహికులకు కూడా ఈ నియమాలు చిక్కులు తెచ్చినవి. క్యాడీగా పనిచేసిన ఫ్రాన్సిస్ విమెట్ 20 ఏళ్ళ వయసులో 1913 యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. క్రీడావస్తువుల వ్యాపారం చేస్తున్నాడన్న కారణంతో 1916లో అతని ఔత్సాహిక హోదాను రద్దు చేసి, 1918లో తిరిగి ఇచ్చారు. చిక్ ఇవాన్స్ అనే మరొక మాజీ క్యాడీ 1916లో యు.ఎస్. ఓపెన్, యు.ఎస్. అమెచ్యూర్ పోటీలు రెండూ గెలిచాడు. తన పేరుమీద వచ్చే ఆదాయాన్ని స్వీకరిస్తే హోదా పోతుంది కనుక, దానిని క్యాడీల కళాశాల చదువులకు కేటాయించాడు. ఈ నిధితో 1930లో తొలి విద్యార్థులు కళాశాలలో చేరారు.

2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం ఔత్సాహికులు ప్రాయోజకుల నుండి, తమ పేరు, చిత్రాల వాడకం నుండి ఆదాయం పొందవచ్చును. అయితే బహుమతి ధనంపై పరిమితి, శిక్షణకు రుసుము తీసుకొనడంపై ఆంక్షలు కొనసాగుతున్నవి.

సంఘాలు

బ్రిటన్‌లో వృత్తి గోల్ఫ్ క్రీడాకారుల సంఘం 1901లో ఏర్పడినది. క్యాడీగా జీవితం ప్రారంభించిన జె.హెచ్.టేలర్ దీని స్థాపనలో ముఖ్యుడు. అమెరికాలో ఇటువంటి సంఘం 1916లో ఏర్పడినది. ఈ అమెరికా సంఘపు నిబంధనలలో 1934 నుండి 1961 వరకు శ్వేతజాతీయులకు మాత్రమే సభ్యత్వం అనే నియమం ఉండేది. తామే వెలివేతకు గురైనవారు మరికొందరిని వెలివేసిన ఉదాహరణ ఇది. మహిళా వృత్తి క్రీడాకారిణులు 13 మంది కలిసి 1950లో తమ సంఘాన్ని స్థాపించుకున్నారు.

వ్యాపార విస్తరణ

అమెరికా ఆటగాడు ఆర్నాల్డ్ పామర్ తండ్రి లాట్రోబ్ క్లబ్బులో మైదాన సంరక్షకుడు, శిక్షకుడు. పామర్ 1960లో న్యాయవాది మార్క్ మెక్‌కార్మాక్‌తో కరచాలనం మీదనే ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఆటగాని పేరును ప్రకటనలకు, వస్తువులకు వాడుకొనే హక్కును అమ్మడం అనే వ్యాపారం దీనితో విస్తరించి, ఐ.ఎమ్.జి. అనే పెద్ద సంస్థగా ఎదిగింది. తండ్రి ఉద్యోగం చేసిన లాట్రోబ్ క్లబ్బును పామర్ 1971లో కొనుగోలు చేశాడు.

పరికరాల వ్యాపారంలో కార్‌స్టెన్ సోల్‌హైమ్ ప్రసిద్ధుడు. నార్వేలో జన్మించిన ఇతడు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరు. నలభై ఏళ్ళు దాటిన తరువాత గోల్ఫ్ నేర్చుకున్నాడు. బంతిని గుంటలోకి నెట్టే కర్రను పట్టర్ అంటారు. దాని తలలో బరువును రెండు చివరలకు చేర్చితే, బంతి సరిగా మధ్యలో తగలకపోయినా తల మెలితిరగదని గ్రహించి, 1959లో తన ఇంటి గరాజులో అటువంటి కర్రను తయారు చేశాడు. బంతి తగిలినపుడు వచ్చే ధ్వనిని బట్టి దానికి పింగ్ అని పేరు పెట్టాడు. వ్యాపారం నిలదొక్కుకొన్న తరువాత 1967లో ఉద్యోగం మానుకున్నాడు.

అయితే ఈ వ్యాపారంలో పెద్ద సంస్థలన్నీ నిలబడలేదు. నైకీ సంస్థ 2016లో గోల్ఫ్ కర్రలు, బంతులు, సంచుల తయారీ నుండి తప్పుకొన్నది.

ముఖ్యమైన వృత్తులు

* పోటీ క్రీడాకారుడు: సాధారణంగా మొదటి రెండు రోజుల ఆటలో వెనుకబడినవారు పోటీనుండి తొలగుతారు. చాలా పోటీలలో వీరికి బహుమతి ధనం ఉండదు. ప్రయాణం, వసతి, క్యాడీ వేతనం మాత్రం వారే భరించాలి.
* క్లబ్బు శిక్షకుడు: శిక్షణతోపాటు దుకాణ నిర్వహణ, పోటీల ఏర్పాటు చూస్తాడు. పోటీ క్రీడాకారునితో పోల్చితే స్థిరమైన ఆదాయం ఉంటుంది.
* మైదాన సంరక్షకుడు: గడ్డి, నేల, నీటి పారుదల, తెగుళ్ళ గురించిన శాస్త్రీయ పరిజ్ఞానం అవసరం. 18 గుంటల మైదానం సాధారణంగా 100 ఎకరాలకు పైబడి ఉంటుంది.
* క్యాడీ: పెద్ద పోటీలలో వారానికి నిర్ణీత వేతనంతోపాటు ఆటగాని బహుమతిలో కొంత శాతం ఇవ్వడం ఆనవాయితీ. గెలిచినపుడు ఇది 10 శాతం వరకు ఉంటుంది.

భారతదేశంలో

కలకత్తాలో 1829లో ఏర్పడిన క్లబ్బు (నేటి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు) బ్రిటిష్ దీవుల వెలుపల అతి పురాతనమైనది. భారతీయ వృత్తి క్రీడాకారులలో పలువురు క్యాడీలుగా పనిచేసినవారే. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో క్యాడీగా పనిచేసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ వృత్తి క్రీడాకారుడు. బెంగుళూరుకు చెందిన మాజీ క్యాడీ సి.మునియప్ప 2009లో ఇదే పోటీ గెలిచాడు. రాయల్ కలకత్తా క్లబ్బు మైదాన సంరక్షకుని కుమారుడైన ఎస్.ఎస్.పి.చౌరాసియా 2016, 2017లలో వరుసగా విజేత అయ్యాడు. దేశంలోని వృత్తి పోటీలను నిర్వహించే ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా 2006లో ఏర్పడినది.

తెలుగు ప్రాంతాలలో గోల్కొండ కోట నయాఖిల్లా పరిసరాలలోని హైదరాబాదు మైదానం, విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు చెప్పుకోదగినవి. హైదరాబాదు మైదానంలో జాతీయస్థాయి వృత్తి పోటీలు జరిగినవి.

పైన పేర్కొన్న విజయాలు క్యాడీలందరి స్థితిని సూచించవు. భారతదేశంలో సాధారణంగా క్యాడీకి నెలజీతం ఉండదు. ఆట ఆడినవారు ఆటకింతని చెల్లిస్తారు. వానలు పడి ఆట ఆగితే ఆదాయం ఆగుతుంది. 2020లో కోవిడ్ కారణంగా మైదానాలు మూతపడినపుడు వారికి ఉపాధి పూర్తిగా పోయింది. ఇవాన్స్ నిధి వంటి శాశ్వత విద్యా సహాయం, బీమా, నిర్ణీత వేతనం ఉన్నచోట క్యాడీ పని ఇతర వృత్తులకు తొలిమెట్టు కాగలదు. అవి లేనిచోట అది దినకూలీగానే మిగులుతున్నది.