జెండా మీది రాట్నం ఎవరిది?

1930 ఏప్రిల్ 6న మన షోలాపూర్ మునిసిపాలిటీ భవనం మీద జెండా ఎగిరింది. అక్కడ దండిలో గాంధీగారు ఉప్పు తీసిన రోజే ఇక్కడ పుణే నుంచి వచ్చిన అణ్ణాసాహెబ్ భోపట్కర్ చేతుల మీదుగా ఇది జరిగింది. దేశంలో మునిసిపాలిటీ మీద ఎగిరిన మొదటి జెండా మనదేనని ఊరంతా చెప్పుకుంటాం. కానీ జబల్‌పూర్ వాళ్ళను అడిగితే ఒప్పుకోరు. వాళ్ళ టౌన్‌హాల్ మీద జెండా గొడవ 1923లోనే అయింది. అదే నాగపూర్ జెండా సత్యాగ్రహానికి దారి తీసింది, వెయ్యిమందికి పైగా జైలుకు పోయారు. నా దృష్టిలో ‘మొదటిది ఎవరిది’ అనేది అంత పెద్ద ప్రశ్న కాదు. అసలు ఆ రోజు ఎగిరిన గుడ్డకు అర్థం ఏమిటన్నదే పెద్ద ప్రశ్న. దాని మీద అప్పుడూ ఒక్క మాట లేదు, ఇప్పుడూ లేదు.

ముందు ఒక సంగతి. ఆ జెండా ఇప్పటి జెండా కాదు. పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు, వాటి మీద పెద్ద రాట్నం. మన పుస్తకాల్లో చాలాసార్లు కాషాయం ఉన్న జెండానే 1930 కథల పక్కన వేస్తారు, అది సరికాదు.

దీని పుట్టుక మన తెలుగు నేల మీదే. బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన పింగళి వెంకయ్యగారు 1916లోనే జెండాల నమూనాలతో ఒక పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశం జరిగినప్పుడు గాంధీగారు ఆయన్ని ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం గీయమని అడిగారు. రాట్నం ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. తర్వాత తెలుపు చేర్చారు. గాంధీగారు అప్పుడు చెప్పిన అర్థం సూటిగా ఉంది: ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు, తెలుపు మిగతా మతాలవాళ్ళకు. తక్కువ మంది ఉన్నవాళ్ళ రంగు అన్నిటికంటే పైన.

అర్థం అంత సూటిగా చెప్పడమే చిక్కు తెచ్చింది. రంగులు మతాలవైతే మా రంగేది అని సిక్కులు అడిగారు. కలకత్తాలో 1924లో సంస్కృత పండితుల సభవాళ్ళు కాషాయమూ, విష్ణువు గదా పెట్టమన్నారు. తెలుపులో ‘మిగతావాళ్ళు’ అనిపించుకోవడం ఎవరికి మాత్రం ఇష్టం? అసలు ఇందులో అందరూ ఉన్నారని చూపడానికి గీసిన గుడ్డే, ఎవరు లేరో లెక్కపెట్టే పట్టిక అయి కూర్చుంది.

సర్కారుకు మాత్రం ఈ రంగుల గొడవ పట్టలేదు. వాళ్ళ లెక్కలో అది దేశం జెండా కాదు, ఒక పార్టీ జెండా. 1930 మే మొదటివారంలో గాంధీగారిని పట్టుకుపోయారని తెలిసి మన ఊళ్ళో మిల్లులు బందయ్యాయి. మే 8న కాల్పులు జరిగాయి, పోలీసులూ చనిపోయారు, చౌకీలూ కోర్టూ తగలబడ్డాయి. ఆ తర్వాత మూడు రోజులు ఊళ్ళో సర్కారు అనేదే లేదు. మే 12న మార్షల్ లా పెట్టారు, జూన్ 30 దాకా నడిచింది. అప్పుడు జెండా పట్టుకోవడమే నేరం అయింది. గాంధీ టోపీ పెట్టుకున్నా సిపాయిలు ఊడబీకేవాళ్ళు. అర్థం గురించి వాదించుకునే రంగుగుడ్డ ఒక్క నెలలో జైలుకు పంపే వస్తువు అయిపోయింది.

1931 జనవరి 12న యెరవాడ జైల్లో ఉరితీసిన నలుగురి పేర్లు మనకు నోటికి వస్తాయి: మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా. ఒక లింగాయతు, ఒక ముస్లిం, ఒక మరాఠా, ఒక మార్వాడీ. గాంధీగారు రంగులకు చెప్పిన అర్థం ఈ నలుగురి దగ్గర నిజంగా కనిపిస్తుంది అంటే తప్పు కాదనుకుంటాను. మరి మనవాళ్ళు? మన పద్మశాలీలు మిల్లుల్లో, మగ్గాల మీద వేలల్లో ఉన్న ఊరిది. ఆ నాలుగు బొమ్మల్లో తెలుగు పేరు లేదని చిన్నప్పుడు నాకు కొంచెం కష్టంగా ఉండేది. అప్పటి నుంచే నా కన్ను రంగుల మీద కాక రాట్నం మీద పడింది.

ఎందుకంటే అది మన ఇంటి వస్తువు. పాత జెండా బొమ్మ మా నాయినమ్మకు చూపిస్తే, “ఇది మన కండెల రాట్నమే గదనే” అన్నది. సాలోళ్ళ ఇంట్లో మగ్గం మొగోళ్ళది, రాట్నం ఆడోళ్ళది. దాని మీద నూలు వడకరు, కండెలు చుడతారు. నూలు మిల్లు నుంచి వస్తుంది. పడుగైనా పేకైనా మిల్లు నూలే.

కానీ జెండా మీది రాట్నం కండెలు చుట్టేది కాదు, నూలు వడికేది. మిల్లు నూలు వద్దు, చేత్తో వడికిన నూలే నేయాలి అన్నది దాని అర్థం. మిల్లు నూలు పెట్టి చేత్తో ఎంత బాగా నేసినా అది ఖద్దరు కాదు. చేతి నూలు మగ్గం మీద మాటిమాటికీ తెగుతుంది, రోజు కూలి పడిపోతుంది. అంటే మన ఇంటి వస్తువులా కనిపించే ఆ గుర్తు, మన బతుకును కొంచెం పక్కకు జరగమన్న గుర్తు కూడా. నాయినమ్మ తన రాట్నాన్ని చూసింది, ఖద్దరువాళ్ళు తమ రాట్నాన్ని చూశారు. బొమ్మ ఒక్కటే. ఇద్దరిలో ఒకరిది తప్పని నేను అనలేను.

1931లో కాంగ్రెస్ ఏడుగురితో కమిటీ వేసింది. కన్వీనర్ పట్టాభి సీతారామయ్య, మళ్ళీ బందరు మనిషే! మొత్తం కాషాయం జెండా మీద రాట్నం చాలు అని వాళ్ళు చెప్పారు. ఆగస్టులో బొంబాయి సమావేశం అది ఒప్పుకోలేదు. ఎరుపు తీసేసి కాషాయం పైకి, తెలుపు నడుమకు, ఆకుపచ్చ కిందికి తెచ్చారు, రంగులకు మతాలతో సంబంధం లేదని తేల్చారు. ఇకనుంచి కాషాయం ధైర్యం, త్యాగం, తెలుపు సత్యం, శాంతి, ఆకుపచ్చ విశ్వాసం. రాట్నం ప్రజల ఆశ. అయినా ఇప్పటికీ ఎవరినైనా అడగండి, పదిలో ఎనిమిది మంది పాత అర్థమే చెప్తారు. తీర్మానంతో గుడ్డ మారుతుంది గానీ జనం నోట్లో మాట మారదు.

1947 జులై 22న రాజ్యాంగ సభలో రాట్నం పోయి చక్రం వచ్చింది. నెహ్రూగారు చెప్పిన కారణాల్లో నాకు ఇష్టమైనది ఒకటుంది: జెండాకు రెండు వైపులు, రాట్నం బొమ్మ అవతలి వైపు తిరగబడి కనిపిస్తుంది. ఇది నేతపని తెలిసినవాళ్ళు అనాల్సిన మాట! మన జకార్డు చద్దరు తిప్పి చూస్తే పువ్వు రంగు మారి వస్తుంది, మనకది అలవాటే. గాంధీగారు మాత్రం ఒప్పుకోలేదు, రాట్నం లేని జెండాకు తాను వందనం చేయనని రాశారు. రాధాకృష్ణన్‌గారు సభలో ఆకుపచ్చకు నేలతో మన బంధం అని ఇంకో అర్థం చెప్పారు. అంటే ముప్పై ఏళ్ళు తిరక్కుండా ఒక్క ఆకుపచ్చకే మూడు అర్థాలు.

రాట్నం పోయినా ఖద్దరు నియమం నిలిచింది. జెండా గుడ్డ చేతి నూలుతో చేత్తో నేసినదే కావాలి. 2021 డిసెంబర్ 30న అదీ సడలింది. ఇప్పుడు మిషన్ మీద నేసింది, పాలిస్టర్‌ది కూడా చెల్లుతుంది. హుబ్బళ్ళి దగ్గర బెంగేరిలో జెండాలు చేసే ఖాదీ సంఘంలో పనిచేసేవాళ్ళంతా ఎక్కువగా ఆడవాళ్ళు. తమ పని పోతుందని వాళ్ళు నిరసన చేశారు.

ఈ విషయం మీద మా ఇంట్లో వాదన పడింది. మా బాపు సాంచాల కార్ఖానాలో టవల్స్ నేస్తాడు. “మిషన్ మీద నేస్తే మా చేతులు చేతులు కాదా? ఇన్నేండ్లు మేం నేసిన గుడ్డ జెండాకు పనికిరాదన్నరు, ఇప్పుడు పనికొస్తదన్నరు, మంచిదే” అన్నాడు. నేను బెంగేరి ఆడవాళ్ళ గురించి చెప్పాను. బాపు కాసేపు ఊరుకుని, “మరి ఆ పాలిస్టర్ జెండాలు మన కార్ఖానాల్లో గూడ నేస్తలేరు గద” అన్నాడు. అది నిజమే. ఆగస్టులో అశోక్ చౌక్ బండ్ల మీద అమ్మే జెండాలు ఎక్కడ నేసినవో అమ్మేవాళ్ళకే తెలియదు. కాటన్‌ది కావాలని అడిగితే ఒకాయన మొహం చూసి, “అది దొరకదు బేటా, ఇది తీసుకో, వానకు తడిసినా రంగు దిగదు” అన్నాడు.