నూరుకు నూట అరవై: డోన్ నుంచి ముక్తినాథ్‌కు చౌక ప్రయాణం

డోన్: విదేశం అనగానే మన పల్లెల్లో గుర్తుకొచ్చేది కువైట్, లేదంటే అమెరికా. మొదటిది పొట్టకూటికి పోయేది, రెండోది చదువుకున్న పిల్లలు పోయేది. ఊరికే చూసి రావడానికో, మొక్కు తీర్చుకోవడానికో దేశం దాటడం డబ్బున్నవాళ్ల సంగతి అనుకుంటాం. అయితే పాసుపోర్టు అడగని, వీసా అక్కరలేని, విమానం ఎక్కకుండానే పోయిరాగల పరదేశం ఒకటుంది. అదే నేపాల్. పైరు అమ్మిన డబ్బుల్లో కొంత మిగుల్చుకున్న రైతుకు గానీ, బేతంచెర్ల నాపరాళ్ల పాలిష్ కార్ఖానాలో పనిచేసే కూలీకి గానీ అందుబాటులో ఉన్న విదేశీ యాత్ర ఇదొక్కటే అంటే తప్పుకాదు.

మన జిల్లావాసులకు ఆ దేశంతో ఒక చుట్టరికం కూడా ఉంది. ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలం వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటన్నది అందరికీ తెలిసిందే. ఆ నూట ఎనిమిదిలో రెండు ఈ భూమ్మీద లేవంటారు. తక్కినవాటిలో నూటైదు మన దేశంలోనే ఉన్నాయి. మిగిలిన ఒక్కటీ నేపాల్ కొండల్లోని ముక్తినాథ్. సాలగ్రామాలు దొరికే గండకీ నది ఆ ప్రాంతానిదే. అహోబిలం కొండెక్కిన పెద్దవాళ్లలో బతికుండగా ముక్తినాథ్ చూడాలని కోరుకునేవారు తక్కువేమీ కాదు. అడ్డొచ్చేది ఖర్చు గురించిన భయం.

తలకింతని మొత్తంగా తీసుకొని, వంటమనిషితో సహా బస్సులో తిప్పే యాత్రా నిర్వాహకులు మన వైపు కూడా ఉన్నారు. హిందీ రాని ముసలివాళ్లకు అది సౌకర్యమే, కాదనలేము. కానీ చాలామంది రెండుసార్లు చెల్లించుకునేది ఇక్కడే. పొఖరా దాకా తీసుకుపోయి, అక్కడి నుంచి ముక్తినాథ్‌కు జీపు ఖర్చు వేరే అంటే చేసేదేముంది? జోమ్‌సోమ్ దాకా జీపా, విమానమా, గదికి ఎంతమంది, రోడ్డు మూసుకుపోతే అదనపు రోజుల ఖర్చు ఎవరిది అన్నవి డబ్బు కట్టకముందే కాగితం మీద రాయించుకోవాలి. రాసివ్వనన్న నిర్వాహకుడి వెంట పోకపోవడమే మేలు.

సొంతంగా పోదలచిన వారికి దారి కష్టమేమీ కాదు. యశ్వంతపూర్ నుంచి గోరఖ్‌పూర్ పోయే ఎక్స్‌ప్రెస్ మన డోన్, కర్నూలు, కాచిగూడ మార్గంలోనే పోతుంది. రోజూ ఉండదు కనుక ఏ రోజు వస్తుందో, ఎన్ని గంటలకు ఆగుతుందో స్టేషనులో ముందే విచారించుకోవాలి. గోరఖ్‌పూర్ నుంచి సరిహద్దులోని సునౌలికి సుమారు నూరు కిలోమీటర్లు, బస్సులు విరివిగా ఉన్నాయి. ఇంకా చౌకగా కావాలంటే నౌతన్వా దాకా ప్యాసింజరు రైలు కూడా ఉంది.

రైల్వేలో వృద్ధులకు ఉండిన టికెట్టు రాయితీ 2020 మార్చిలో నిలిపివేశారు. ఇప్పటికీ అది ఉందనుకొని లెక్క వేసుకునేవారు కనబడుతున్నారు. కింది బెర్తు కోటా మాత్రం ఉంది. చాలామందికి తెలియని మరో సౌకర్యం చుట్టు ప్రయాణపు టికెట్టు, అంటే సర్క్యులర్ టికెట్టు. డోన్‌లో బయలుదేరి గోరఖ్‌పూర్, కాశీ, ప్రయాగ చూసుకొని మళ్లీ డోన్‌కే చేరేటట్టు ఒకే టికెట్టు తీసుకోవచ్చు. మధ్యలో ఎనిమిది చోట్ల దాకా దిగవచ్చు. విడివిడిగా కొన్నదానికంటే ఛార్జీ తక్కువ పడుతుంది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గే పద్ధతి వల్ల వచ్చే లాభమిది. ఇందుకు రైల్వే డివిజన్ కమర్షియల్ విభాగానికి ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. కొంచెం తిరుగుడు పని. పదిమంది కలిసి పోయేటప్పుడు ఒకరు పూనుకుంటే సరిపోతుంది. తిరుగుదారిలో కాశీలో దిగితే శ్రీరామతారక ఆంధ్రాశ్రమంలో వసతి, మన భోజనం తక్కువకే దొరుకుతాయి.

గుర్తింపు కార్డు విషయంలో పొరపాటు పడరాదు. 1950 నాటి ఒప్పందం ప్రకారం భారతీయులకు నేపాల్‌లో వీసా లేదు. పాసుపోర్టు లేనివారు ఓటరు కార్డు అసలు వెంట పెట్టుకోవాలి, జిరాక్సు పనికిరాదు. ఆధార్ ఒక్కటే చాలుననుకుంటే చిక్కే. పదిహేనేళ్లలోపు పిల్లలకు, అరవై అయిదేళ్లు దాటిన పెద్దలకు మాత్రమే ఫొటో ఉన్న ఇతర కార్డులు సరిపోతాయి. కేవలం ఈ యాత్ర కోసం 1,500 రూపాయలు కట్టి పాసుపోర్టు తీసుకోనక్కరలేదు. ఇక సునౌలిలో నడిచి సరిహద్దు దాటే మనిషికి ఏ రుసుమూ లేదు. పర్మిట్ రాయిస్తామని వెంటబడే దళారులకు ఒక్క రూపాయి ఇవ్వనవసరం లేదు. సొంత జీపులో పోయేవారు మాత్రం కస్టమ్స్ కార్యాలయంలో రోజుల లెక్కన రుసుము కట్టాలి. దాన్ని అక్కడ భన్సార్ అంటారు.

ఐసీనా, ఎన్‌సీనా?

అసలు డబ్బు పోయేది నోట్ల లెక్క దగ్గర. మన నూరు రూపాయలకు నేపాల్ రూపాయలు నూట అరవై. 1993 నుంచి ఈ లెక్క మారలేదు. సరిహద్దు ఊళ్లలోనూ, పొఖరా, కాఠ్మండులోనూ మన నూరు నోటును తీసుకుంటారు. దుకాణదారు 160 అన్నాడనుకుందాం. అది నేపాల్ రూపాయలైతే మనమిచ్చేది నూరే. అడగకుండా మన నోట్లు నూట అరవై ఇచ్చామంటే అరవై గుంటలో పోసినట్టే. అందుకే టీ తాగినా, జీపెక్కినా, గది అడిగినా ముందుగా 'ఐసీనా, ఎన్‌సీనా?' అని అడగాలి. ఐసీ అంటే భారత డబ్బు, ఎన్‌సీ అంటే నేపాల్ డబ్బు. హిందీ ఒక్క ముక్క రానివారు కూడా ఈ రెండు మాటలు నేర్చుకొని పోతే దారి ఖర్చులో మంచి భాగం మిగులుతుంది.

నూటికి మించిన మన నోట్లను 2018 డిసెంబరులో నేపాల్ నిషేధించింది. 2025 చివరిలో సడలింపు వచ్చినా, నిబంధనలు మారుతుంటాయి కనుక బ్యాంకులో నూరు నోట్ల కట్టలు తీసుకొని పోవడమే క్షేమం. నూరు నోటుకు ఎప్పుడూ పేచీ లేదు. నేపాల్ నోట్లు మాత్రం అవసరమైనంతే మార్చుకోవాలి, మిగిలినవి డోన్ సంతలో చెల్లవు. 2024 మార్చి నుంచి అక్కడి దుకాణాల్లో మన ఫోనుతో యూపీఐ చెల్లింపు కూడా మొదలైంది. అయితే కొండల్లో సిగ్నలును నమ్ముకోరాదు.

తిండికి మన మూటే మేలు. బొరుగులు, ఎండు జొన్నరొట్టెలు, బుడ్డల పొడి, ఊరగాయ ఉంటే రైలు ప్రయాణమంతా గడిచిపోతుంది. నేపాల్లో దాల్ భాత్ అనే భోజనం మన పప్పన్నమే. ఒక పళ్లెం ధరకే అన్నం, పప్పు మళ్లీ వడ్డిస్తారు. కొండెక్కేకొద్దీ ధరలూ ఎక్కుతాయి, వేణ్ణీళ్లకు కూడా డబ్బే. కాఠ్మండులో పశుపతినాథుని దర్శనానికి మనవాళ్లకు టికెట్టు లేదు. బుద్ధుడు పుట్టిన లుంబిని సరిహద్దుకు దగ్గరే. అక్కడి కొరియా మఠంలో యాత్రికులకు కొద్దిపాటి డబ్బుతో గది, భోజనం ఇస్తారు.

పొఖరా నుంచి బేని, జోమ్‌సోమ్ మీదుగా ముక్తినాథ్‌కు బస్సులు, జీపులు పోతాయి. విమానంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. పైగా గాలి ఎక్కువైతే జోమ్‌సోమ్ విమానాలు రద్దవుతుంటాయి. దారిలో అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతపు ప్రవేశ రుసుములో సార్క్ దేశాలవారికి తక్కువ రేటు ఉంది. భారతీయులమని కార్డు చూపించి అడగాలి.

పీనాసితనం పనికిరాని చోట్లు

ముక్తినాథ్ ఎత్తు 3,700 మీటర్లకు పైనే. గది అద్దె కలిసొస్తుందని పొఖరా నుంచి ఒక్కరోజులో ఎక్కితే ముసలివాళ్లకు ఊపిరాడదు. దారిలో ఒక రాత్రి ఆగి తీరాలి. ఆ అద్దె ఆసుపత్రి ఖర్చులో ఎన్నో వంతు! గుడి వెనుక నూట ఎనిమిది ధారల కింద తలంటుకోవడం అందరికీ ఆశే, కానీ ఆ నీళ్లు మంచును తాకి వచ్చినవి. గుండెజబ్బు ఉన్నవారు నెత్తిన చల్లుకుంటే చాలు.

వానాకాలంలో గదులు చౌక అని జూన్ నుంచి సెప్టెంబరు మధ్య పోవడం ప్రాణాలతో చెలగాటం. 2024 ఆగస్టు 23న పొఖరా నుంచి కాఠ్మండు పోతున్న భారత యాత్రికుల బస్సు మర్స్యాంగ్డి నదిలో పడి 27 మంది చనిపోయారు. వారిలో చాలామంది మహారాష్ట్ర నుంచి మనలాగే యాత్రకు వచ్చినవారు. రాత్రిపూట కొండదారి బస్సు ఎక్కితే ఒక గది అద్దె మిగిలే మాట నిజమే. ఆ మిగులు మనకు వద్దు.

తిరుగు డబ్బు మాట కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 8, 9 తేదీల్లో అక్కడ యువకుల ఆందోళన చెలరేగి ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. విమానాశ్రయం మూతబడింది, కర్ఫ్యూ పెట్టారు. మన రాష్ట్రంవారు రెండు వందల మందికి పైగా చిక్కుకున్నారు. 11వ తేదీన కాఠ్మండు నుంచి విశాఖపట్నం, తిరుపతికి ప్రత్యేక విమానం నడిపి ప్రభుత్వం చాలామందిని తీసుకొచ్చింది. అలాంటి వేళ ఆదుకునేది చేతిలోని నగదే. నాలుగు రోజుల తిండికి, గదికి, సరిహద్దు దాకా బండికి సరిపడే మొత్తాన్ని వేరే సంచిలో కట్టి, ఇల్లు చేరేదాకా విప్పకూడదు. కాఠ్మండులోని మన రాయబార కార్యాలయం ఫోను నంబరు కాగితం మీద రాసి ఆ సంచిలోనే పెట్టుకోవాలి, ఫోను పోయినా కాగితం ఉంటుంది.

పోవడానికి మార్చి నుంచి మే దాకా, మళ్లీ అక్టోబరు, నవంబరు అనుకూలం. రైలు రిజర్వేషను 60 రోజుల ముందుగా తెరుస్తారు. దసరా తర్వాత పోదలచినవారు శ్రావణం దాటకముందే డోన్ స్టేషను కౌంటరులో విచారించుకోవడం మంచిది.