రక్తంలో సుడులు... గుండెలో మేలు, మెడలో ముప్పు

జోరువాన వెలిశాక అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద ఒక్క నిమిషం ఆగి చూడండి. రోడ్డు మీద పారే నీరు స్తంభానికి తగిలి రెండుగా చీలి, పక్కల నుంచి జారిపోతుంది. స్తంభం వెనక మాత్రం నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంటుంది. ఆకులు, ప్లాస్టిక్ కవర్లు, టీ కప్పులు అక్కడికే వచ్చి చేరతాయి.

మన ఒంట్లో రక్తమూ ఇలాగే సుడులు తిరుగుతుంది. పంజాగుట్టలోని నిమ్స్‌లోనైనా, చుట్టుపక్కల డయాగ్నస్టిక్ సెంటర్లలోనైనా డాప్లర్ పరీక్షలో చూసేది ఈ ప్రవాహాన్నే. కొన్ని సుడులు మనల్ని కాపాడతాయి. కొన్ని ప్రాణాల మీదికి తెస్తాయి.

గుండెకు సుడి అవసరం

ఎడమవైపు పై గది నుంచి కింది గదిలోకి మిట్రల్ కవాటం గుండా రక్తం దూకినప్పుడు ఉంగరం ఆకారంలో సుడి ఏర్పడుతుంది. అది గదిలో రక్తం నిలవకుండా కడిగేస్తూ, బయటికి వెళ్లే దారివైపు మళ్లిస్తుంది. పెద్ద గుండెపోటు తర్వాత కండరం బలహీనపడితే ఈ సుడి మందగిస్తుంది. గది కొసన రక్తం నిలిచి గడ్డ కట్టవచ్చు. అలాంటివారికి డాక్టర్లు రక్తం పలుచబరిచే మందులు ఇస్తారు.

బృహద్ధమని కవాటం రెక్కల వెనకున్న చిన్న గుంతల్లోనూ సుడులు తిరుగుతాయి. రెక్కలు సాఫీగా మూసుకోవడానికి అవి సాయపడతాయి. చిత్రకారుడు లియొనార్డో డావిన్సీ 1513 ప్రాంతంలోనే ఈ సంగతి ఊహించాడు. ఎద్దు గుండెను పరిశీలించి, గాజు నమూనాలో నీళ్లతో పాటు గడ్డి గింజలు పంపి ఆ సుడులను గమనించాడు.

మెడ దగ్గరే పూడిక ఎందుకు?

కొలెస్ట్రాల్ రక్తమంతటా ఉంటుంది. పూడిక మాత్రం ఎక్కువగా నాళాలు చీలే చోట, వంపు తిరిగే చోట మొదలవుతుంది. మెడలో కెరోటిడ్ ధమని రెండుగా చీలి, ఒక కొమ్మ మెదడుకు, ఒకటి ముఖానికి వెళ్తుంది. మెదడుకు వెళ్లే కొమ్మ మొదట్లో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. అక్కడ బయటి గోడ పక్కన రక్తం మందగించి, కొంత వెనక్కి తిరుగుతుంది. మెట్రో స్తంభం వెనక నీళ్లలాగే అన్నమాట.

నాళం లోపలి పొరకు ఒకే దిశలో సాఫీగా పారే రక్తం మంచిది. ముందుకూ వెనక్కూ ఊగే ప్రవాహం వల్ల ఆ పొరలో వాపు మొదలై, కొవ్వు లోపలికి చేరుతుంది. బీపీ, షుగర్, పొగ అలవాటు తోడైతే పూడిక పెరుగుతుంది. దాని మీద కట్టిన గడ్డ ఊడి మెదడుకు చేరితే పక్షవాతమే. నాళం చీలికను మనం మార్చలేం. బీపీని, షుగర్‌ను, సిగరెట్‌ను మాత్రం మార్చగలం.

చప్పుడు చెప్పే కబురు

సాఫీగా పారే రక్తం చప్పుడు చేయదు. ఇరుకు దారిలోంచి దూసుకెళ్లినప్పుడే సుడులు లేచి, గోడలు అదిరి శబ్దం వస్తుంది. గుండెలో వినిపించే ఈ శబ్దాన్నే ‘మర్మర్’ అంటారు. పిల్లల్లో వినిపించే మర్మర్లు చాలావరకు హానిచేయనివే. జ్వరం, రక్తహీనత, గర్భం ఉన్నప్పుడూ వినిపించవచ్చు. కానీ పాప పాలు తాగేటప్పుడు ఆయాసపడినా, బరువు పెరగకపోయినా, పెదాలు నీలంగా మారినా వెంటనే పిల్లల గుండె డాక్టర్‌కు చూపించాలి.

మెడ దగ్గర శబ్దం వినిపించలేదని నిశ్చింతగా ఉండకూడదు. పూడిక బాగా ముదిరినా ఒక్కోసారి చప్పుడు ఉండదు.

నాన్నగారి డాప్లర్ రిపోర్టులో ఎరుపు, నీలం రంగులు చూసి మంచి రక్తం, చెడు రక్తం అనుకోకండి. రక్తం యంత్రం వైపు వస్తోందా, దూరంగా వెళ్తోందా అన్నదే ఆ రంగుల అర్థం. రంగులన్నీ కలగలిసి కనిపిస్తే అక్కడ ప్రవాహం వేగంగా, గజిబిజిగా ఉందన్నమాట.

స్టెంట్ వేశాక

క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజు కలిసి 1990లలో రూపొందించిన కలాం-రాజు స్టెంట్ గురించి వినే ఉంటారు. స్టెంట్లలో సాధారణంగా సన్నని లోహపు తీగలు ఉంటాయి. ఆ తీగల పక్కన చిన్న చిన్న సుడులు తిరుగుతాయి. స్టెంట్ మీద కొత్త పొర పూర్తిగా కప్పుకునేదాకా అక్కడ గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే ‘నొప్పి తగ్గిందిగా’ అని, పన్ను పీకించుకోవాలని మాత్రలు సొంతంగా ఆపేయకండి. ముందు గుండె డాక్టర్‌ను అడగండి.

ఇవి గుర్తుంచుకోండి

• మూతి వంకరపోవడం, చెయ్యి పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం పక్షవాతం లక్షణాలు. వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల్లోపే ఇస్తారు. ఎంత ముందు ఇస్తే అంత మేలు.

• లక్షణాలు కాసేపటికే తగ్గిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అది పెద్ద పక్షవాతానికి ముందు హెచ్చరిక కావచ్చు.

• ఏ ఇబ్బందీ లేనివాళ్లకు ప్యాకేజీల్లో మెడ డాప్లర్ అక్కర్లేదు. డాక్టర్ చెబితేనే చేయించుకోండి.

• ఇంట్లో పెద్దవాళ్లకు బీపీ మాత్ర వేళకు అందుతోందో లేదో ఈ రోజే కనుక్కోండి.