కైలిక్స్: మట్టి మీద మట్టితో వేసిన బొమ్మ

క్రీ.పూ. 6, 5 శతాబ్దాలలో ఏథెన్స్ సంపన్నులు రాత్రి భోజనానంతరం శయ్యల మీద ఎడమ మోచేతిపై ఒరిగి, నీరు కలిపిన ద్రాక్షాసవాన్ని సేవిస్తూ సాగించిన గోష్ఠిని సింపోజియం అనేవారు. ఆ గోష్ఠులలో ఎక్కువగా వాడిన పానపాత్ర కైలిక్స్. లోతు తక్కువై వెడల్పుగా విచ్చుకున్న గిన్నె, దానిని మోసే కాడ, కింద గుండ్రని పీట, ఇరుపక్కలా అడ్డంగా అతికిన రెండు పిడులు దీని ఆకృతి. గిన్నె లోపలి అడుగున వృత్తాకారంలో వేసే బొమ్మను టోండో అంటారు. అది ఆసవం తరిగేకొద్దీ తాగేవానికి కనబడుతుంది. కొన్ని పాత్రల వెలుపల రెండు పెద్ద కళ్లు చిత్రించేవారు కనుక, పాత్రను ఎత్తి తాగేవాని ముఖం ఎదుటివారికి ముసుగు తొడిగినట్లు కనబడేది.

ఈ కంటిపాత్రలలో మేటి, క్రీ.పూ. 530 ప్రాంతంలో కుమ్మరి, చిత్రకారుడు అయిన ఎక్సీకియాస్ చేసినది. ఇటలీలోని వల్చిలో దొరికిన ఆ పాత్ర నేడు మ్యూనిక్ మ్యూజియంలో ఉంది. సముద్రపు దొంగలు తనను అపహరించగా వారిని డాల్ఫిన్లుగా మార్చిన ఆసవదేవత డయోనైసస్ దాని లోపల ఓడలో తీరికగా ఒరిగి ఉంటాడు. తెరచాప కొయ్యను చుట్టుకొని పైకి పాకిన ద్రాక్షతీగకు 7 గుత్తులు వేలాడుతుండగా, ఓడ చుట్టూ 7 డాల్ఫిన్లు ఈదుతుంటాయి. అలలు గీయలేదు, నీటిగీత కూడా లేదు. ఆ లోటు పాత్రలో పోసే ఆసవం తీర్చేది. చిత్రకారుని ఊహకు ఇంతకు మించిన నిదర్శనం అరుదు.

ఇటువంటి పాత్రల మీది బొమ్మలలో నిగనిగలాడే నలుపు నిజానికి రంగు కాదు. ఇనుము పాలు అధికంగా గల బంకమట్టిని నీటిలో కలిపి, బరువైన రేణువులు అడుగుకు దిగాక పైన తేలియాడే అతి సన్నని మట్టిని మాత్రమే వేరుచేసి చిక్కబరిస్తే వచ్చే పూతతోనే కుమ్మరులు బొమ్మలు వేసేవారు. మిగతా పని ఆవంలో జరిగేది. మొదట గాలి ధారాళంగా ఆడనిచ్చి సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చితే, ఇనుము ఆక్సీకరణం చెంది హెమటైట్ అనే ఎర్రని ఆక్సైడ్‌గా మారి పాత్ర అంతా ఎరుపెక్కుతుంది. తరువాత గాలి దారులు మూసి, పచ్చి కట్టెలు వేసి వేడిని 900 డిగ్రీలు దాటిస్తే, పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌ను లాగివేస్తుంది; ఈ క్షయకరణంతో హెమటైట్ నల్లని మాగ్నటైట్‌గా మారి పాత్ర అంతా నల్లబడుతుంది, అదే వేడికి సన్నని పూత గాజుపొరలా గట్టిపడుతుంది. చివరగా, ఆవం చల్లారుతుండగా మళ్లీ గాలి వదిలితే, సూక్ష్మరంధ్రాలున్న పాత్ర మట్టి ఆక్సిజన్‌ను తిరిగి పీల్చుకొని ఎర్రబడుతుంది; రంధ్రాలు మూసుకుపోయిన పూత మాత్రం నల్లగానే నిలుస్తుంది. ఈ ప్రక్రియ గుట్టును 1942లో జర్మన్ రసాయనవేత్త థియోడోర్ షూమన్ విప్పి చూపాడు.

క్రీ.పూ. 525 ప్రాంతంలో ఏథెన్స్ చిత్రకారులు ఇదే రసాయనంతో పూత చోటును తారుమారు చేసి, నేపథ్యానికి పూత పూసి బొమ్మలను ఎర్రమట్టిగా వదిలిన ఎర్రబొమ్మల శైలికి నాంది పలికారు.

ఉష్ణమాపకం లేని ఆ కాలంలో గాలి దారులు ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో తెలుసుకోవడానికి కుమ్మరులు పూత పూసిన పెంకుముక్కలకు రంధ్రం చేసి ఆవంలో ఉంచి, మధ్యలో కొంకితో బయటికి లాగి రంగు చూసుకునేవారు. ఏథెన్స్ కుమ్మరిపేట కెరామైకోస్ తవ్వకాలలో అటువంటి ముక్కలు బయటపడ్డాయి.